మా కారులో కాపురం పెట్టిన తీపి వాసన గారికి

మహారాజశ్రీ తీపి వాసన గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు మాకంటే క్షేమంగా ఉన్నారని కారు తలుపు తీయగానే తెలుస్తూనే ఉంది.

నా కారు 1998 మోడల్. రెండే తలుపులు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. కూర్చుంటే మనకీ రోడ్డుకీ మధ్య జానెడు దూరం. బెంజ్ సర్కిల్లో సిగ్నల్ పడితే పక్క ఆటో అతను వంగి మరీ లోపలికి చూస్తాడు. ఇంత పాత బండికి వాసనలు కొత్త కాదు. ఏసీ నీళ్లు పోయే గొట్టం పూడుకుంటే బూజు కంపు, పైపు బీటలిస్తే పెట్రోల్ వాసన, వైరింగ్ వేడెక్కితే చేపల బజారు. అందరూ వచ్చారు, జేబు ఖాళీ చేసి మర్యాదగా వెళ్లిపోయారు. తమరు మాత్రం బెల్లం పాకంలా వచ్చి తిష్ఠ వేశారు.

తమరి రాకకు మా ఇంట్లో ఒక స్థలపురాణం ఉంది. ఆ ఆదివారం నేనూ మా ఆవిడా మంగళగిరి కొండెక్కి, పానకాల స్వామిని చూసుకుని, ఒక సీసా పానకం తెచ్చుకున్నాం. ఇంటికొచ్చాక సీసా కనపడలేదు. వారం తిరక్కుండా తమరు దిగారు. "పానకం ఒలికిందండీ" అంది మా ఆవిడ. ఎడమ సీటు ముందు కార్పెట్ నొక్కి చూస్తే నిజంగానే తడి.

"ఒలికితే చీమలేవి?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ కొండ మీద ఎంత పానకం ఒలికినా చీమ రాదంటారని మా వైపు పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ క్షణం నుంచి తమరు వాసన కాదు, మహిమ. మా అత్తగారు చెప్పులు విడిచి కారెక్కడం మొదలుపెట్టారు.

ఆనవాళ్లు నాకూ కనపడ్డాయి, అబద్ధమెందుకు! ముందు అద్దానికి లోపలివైపు మసక, తుడిస్తే పూరీలు తిన్న చేత్తో రాసినట్టు జిడ్డు. బానెట్ ఎత్తితే, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ డబ్బాలో మట్టం గ్లాసుడు తగ్గింది. ఎండకి ఆవిరైందనుకున్నా. బెజవాడ ఎండ మీద ఏ నేరం మోపినా కాదనేవాడు ఉండడు.

చివరికి ఆటోనగర్ తీసుకెళ్లాం. మేస్త్రీ కార్పెట్ ఎత్తి తెల్ల గుడ్డతో అద్దాడు. గుడ్డ ఆకుపచ్చగా తేలింది. మా బావమరిది అది ప్రసాదమో కాదో అక్కడే తేల్చేద్దామని తడిలో వేలు ముంచి నోటిదాకా తెచ్చాడు. మేస్త్రీ ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. "విషం బాబూ అది! తియ్యగానే ఉంటుంది." కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ సంగతి అప్పుడు వెలిగింది నాకు. "హీటర్ కారుతోంది సార్" అన్నాడు మేస్త్రీ తీరిగ్గా.

హీటరా? రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఈ బెజవాడలో, నా కారుకి హీటరా? ఒక్కరోజు వాడిన పాపాన పోలేదు. "మీరు వాడకపోయినా ఈ బండిలో ఇంజన్ వేడినీళ్లు దాంట్లో తిరుగుతూనే ఉంటాయి సార్. పాతికేళ్లు తిరిగాయి, చిల్లు పడింది." కొత్తది వేయాలంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలన్నాడు. బిగించాక మిగిలే బోల్టులు కవర్లో పెట్టి ఇస్తానని కూడా చెప్పాడు, నిజాయితీపరుడు. వద్దు బాబూ అన్నాను. హీటర్‌కి వెళ్లే రెండు పైపులూ ఊడదీసి ఒకదానికొకటి కలిపేశాడు. అరగంట పని. తమరి కథ అంతటితో సరి అనుకున్నాం.

కార్పెట్ ఆరబెట్టడానికి ఎడమ సీటు విప్పితే వెనక సందులో దొరికింది పానకం సీసా. మూత బిగించింది బిగించినట్టే ఉంది, చుక్క ఒలకలేదు. సీసా మాత్రం నెల రోజులు పులిసి బెలూన్‌లా ఉబ్బింది. బయటికి తీసుకెళ్లి తియ్యరా అనేలోపే మా బావమరిది మూత తిప్పాడు. గోళీసోడా పేలినట్టు పేలింది. సీట్లు, స్టీరింగ్, గుడ్డ టాపు, మేస్త్రీ చొక్కా, అన్నిటికీ అభిషేకం.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే డ్యాష్‌బోర్డ్ మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. మా ఆవిడకి చూపించాను.

"కొండ మీద రావన్నారు గానీ, కారులో రావని ఎవరన్నారండీ?" అంది.

ఇట్లు,
అద్దె రాని రెండు సీట్ల ఇంటి ఓనరు,
విజయవాడ.