చెరువు బాధ్యత మనందరిదట!

పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్కన ఒక చెరువు కట్ట మీద పే...ద్ద ఫ్లెక్సీ కట్టారు. 'చెరువులను కాపాడుకోవడం మనందరి బాధ్యత' అని ఆకుపచ్చ అక్షరాలు, కింద ఒక మందుల కంపెనీ గుర్తు. ఫ్లెక్సీ వెనకాల చెరువు, చెరువు మీద మోకాలెత్తు నురగ. ఆ 'మనందరి'లో నన్నూ కలుపుకున్నందుకు కంపెనీవారికి ఒక పౌరుడిగా కృతజ్ఞతలు. లాభాల్లో ఎన్నడూ కలుపుకోలేదు మరి.

చట్టప్రకారం చూస్తే వాళ్లన్నది కరెక్టే. అడవులు, చెరువులు, నదులను కాపాడటం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఎ(జి) చెబుతోంది. కంపెనీ పౌరుడు కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. కాబట్టి విధి మనది, చెరువు వాళ్లది. దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కును కూడా 19వ అధికరణం పౌరులకే ఇచ్చింది గానీ, ఇక్కడ దాన్ని ఎక్కువగా వాడుకునేది రసాయనాలు. గట్టి వాన పడిన రాత్రి బయల్దేరాయంటే వాగు, చెరువు, నక్కవాగు, మంజీర... ఆపేవాడుండడు. ఏ ఫ్యాక్టరీ వదిలిందని తెల్లారి అడిగితే తిలాపాపం తలా పిడికెడు. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) వాళ్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్తారు. ఆ తర్వాత ఆ సీసాల కబురు తెలియదు.

ఇక జూన్ 5, పర్యావరణ దినోత్సవ సంబరం చూసి తీరాలి. కట్ట మీద షామియానా, కూలర్లు, తెల్ల టోపీలు. కానుగ మొక్క ఒకటే, పట్టుకున్న చేతులు పద్నాలుగు. కొత్తగా గుంత తవ్వే పనిలేదు, నిరుడు నాటిన మొక్క ఎండిపోయి చోటు ఖాళీ చేసి పెట్టింది. 'సార్, కొంచెం నవ్వుతూ మట్టి వేయండి' అన్నాడు ఫొటోగ్రాఫర్. పెద్దసారు నవ్వుతూ వేశారు. ఫొటో సరిగ్గా రాలేదంటే, వేసిన మట్టి తీయించి మళ్లీ వేశారు. చివరికి నీళ్లు పోయాలి. ఒక కుర్రాడు, పాపం కొత్తగా చేరినట్టున్నాడు, బకెట్ పట్టుకుని కట్ట దిగి చెరువులో ముంచబోయాడు. హెచ్ఆర్ ఆయన లబోదిబోమంటూ పరుగెత్తాడు: 'ఒరేయ్, ఆ నీళ్లు వద్దురా, మొక్క చచ్చిపోతుంది!' మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఊరంతా విన్నది. పెద్దసారు మినరల్ వాటర్ సీసా మూత తీసి మొక్క మొదట్లో పోశారు. చప్పట్లు.

కంపెనీల చట్టం, 2013 లోని 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. షామియానా ఆ పద్దులోదే. మిగతా 98 శాతం ఎలా వచ్చిందో ఆ సెక్షన్ అడగదు. అడగాల్సిన చట్టం వేరే ఉంది. భోపాల్‌లో వేలమంది ఊపిరాడక చచ్చాక, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం తెచ్చారు. ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు అన్నారు. 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా కట్టేస్తే చాలన్నారు. వ్యాపారం సులువు కావాలట! హెల్మెట్ లేకుండా బండి నడిపితే ఫొటో తీసి ఇంటికి చలానా పంపే ఈ ప్రభుత్వానికి, అర్ధరాత్రి వాగులో పైపు దించే ట్యాంకరు నంబరు కనబడదా? ఆ నీళ్లు తాగి బర్రె ఈచుకుపోతే రైతుకు ఎవడు కడతాడు జరిమానా? బోరు వేస్తే టీ రంగు నీళ్లొచ్చే ఊళ్లో నిలబడి, ఆ ఊరివాళ్లకే బాధ్యత గురించి పాఠం చెప్పడానికి సిగ్గుండాలి!

మొన్న చెరువులో చేపలు తెల్లగా తేలాక, కంపెనీ జాలిపడి మత్స్యకారులకు వలలు పంచింది. అవును, వలలే. ఫొటోలు కూడా బాగా వచ్చాయి. వాళ్లు వాటిని తీసుకెళ్లి కోతులు రాకుండా టమాటా మడుల మీద కప్పుకున్నారు. ఈ ఏడాది కంపెనీ నివేదికలో 'రైతు సంక్షేమం' అని ఇంకో పేజీ పెరుగుతుంది, చూస్తుండండి.