సవరణ: నీటి ఆవిరితో విద్యుత్తు, సాగర్ నీరు, బోరు మోటార్లు

నీరు ఆవిరయ్యేటప్పుడు సూక్ష్మరంధ్రాలున్న పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని గత పోస్టులో రాశాను. అయితే నాగార్జునసాగర్‌లో ఎండలకు ఆవిరైపోయే నీటితోనే నల్లగొండ రైతుల మోటార్లు నడపవచ్చు కదా అని కొందరు మిత్రులు అడిగారు. ఆ పోస్టులో వోల్టేజీ ఇచ్చి కరెంటు ఎంతో ఇవ్వలేదు కనుక ఆ భాగాన్ని ఇలా చదువుకోగలరు.

2017లో నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో చైనా పరిశోధకులు ప్రకటించిన ప్రయోగంలో, కొన్ని సెంటీమీటర్ల కార్బన్ మసి పొర ఒక కొనను నీటిలో ముంచి ఉంచితే, పైభాగం ఆరుతున్నంతసేపు ఒక వోల్టు దాకా నిలకడగా వచ్చింది. ఆరిన చోటికి కింది నీరు రంధ్రాల గుండా ఎగబాకుతుంది; ఆ రంధ్రాల గోడలకు రుణావేశం ఉండటంతో నీటి వెంట ధన అయాన్లు పైకి కొట్టుకుపోయి, రెండు కొనల మధ్య వోల్టేజీ ఏర్పడుతుంది. కరెంటు మాత్రం ఒక మైక్రోఆంపియర్ (ఆంపియర్‌లో పది లక్షల వంతు) లోపే; అంటే ఒక్కో ముక్క ఇచ్చేది వాటులో పది లక్షల వంతు లోపే. 5 హెచ్‌పీ మోటారుకు సుమారు 3,700 వాట్లు కావాలి గనుక అటువంటి ముక్కలు 370 కోట్లకు పైగా పేర్చాలి. అంత మసి ఎక్కడ తెస్తాం!

ఇక్కడ ఎండ పని ఆవిరిని వేగిరపరచడమే. నీడలోనైనా పొడిగాలి వీస్తే వోల్టేజీ వస్తుంది, ముసురు పట్టిన రోజుల్లో పడిపోతుంది. మన ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు దీనికి అంతగా పనికిరావు: లవణాలు పెరిగిన కొద్దీ గోడల దగ్గరి ఆవేశపు పొర పలచబడుతుంది, ఆరిన చోట ఉప్పు పేరుకొని రంధ్రాలు పూడుకుపోతాయి.