బడి మాన్పించమంటున్న సందేశంలో నిజమెంత?

జూన్‌లో బడులు తెరిచే రోజులు వచ్చాయంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది. బడి అనేది మెకాలే మన మీద రుద్దిన వ్యవస్థ, అంతకుముందు మన పిల్లలు ఇళ్ళలోనే చదువుకునేవారు. ఠాగూర్, ఎడిసన్, ఐన్‌స్టీన్ బడి ముఖం చూడలేదు. అమెరికాలో ఇంట్లో చదివిన పిల్లలకే ఎక్కువ మార్కులు వస్తున్నాయి. మన చట్టం ఇంటి చదువును పూర్తిగా అనుమతిస్తోంది, పదో తరగతి ఓపెన్ స్కూల్‌లో కట్టిస్తే చాలు. తల్లి ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కనుక ఖర్చు కూడా లేదు.

ఏటేటా పెరిగే ఫీజులతో, ఆరో తరగతి నుంచే మొదలయ్యే ఐఐటీ ఫౌండేషన్లతో, చీకటి పడేదాకా సాగే స్టడీ అవర్లతో విసిగిపోయిన తల్లిదండ్రులకు ఈ మాటలు వినసొంపుగా ఉంటాయి. ఆ విసుగు న్యాయమైనదే. ఇంటి చదువు తప్పని నేను అనడం లేదు. దాన్ని శ్రద్ధగా నడిపి పిల్లలను చక్కగా తీర్చిదిద్దుకున్న కుటుంబాలు లేకపోలేదు. నా అభ్యంతరమల్లా ఈ సందేశం చెబుతున్న కారణాల మీదే.

మన దేశంలో ఇంగ్లీషు చదువు ఉండాలని వాదిస్తూ మెకాలే తన ప్రసిద్ధమైన మినిట్, అంటే అధికారిక అభిప్రాయ పత్రం, రాసింది 1835 ఫిబ్రవరిలో. అంతకు పదమూడేళ్ళ ముందే, అంటే 1822లో, మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ప్రెసిడెన్సీలో ఉన్న బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. ఆ లెక్కలో పన్నెండు వేలకు పైగా బడులు తేలాయి. బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మన వీధి బడి దినచర్యను కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. ఉదయం ఆరింటికే బడి మొదలవుతుంది. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు. మూడోవాడికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోతాయి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకుంటారు, పెద్ద తరగతివారు చిన్నవారికి పాఠం చెబుతారు. అంటే వేళా, హాజరూ, బెత్తమూ ఇంగ్లీషు చదువు రాకముందే మన బడిలో ఉన్నాయి. ఆ బడికి ఎవరు వెళ్ళేవారో కూడా అదే నివేదికలో ఉంది: జిల్లా మొత్తం మీద 6,641 మంది విద్యార్థులుంటే వారిలో ఆడపిల్లలు 60 మంది. ఇంట్లో చదువుకునేవారు అసలు లేరనడం కూడా సరికాదు. మద్రాసు నగరంలో 26 వేల మందికి పైగా ఇళ్ళలో చదువుకుంటున్నారని అక్కడి కలెక్టర్ రాశాడు. ఆ అంకెలో ఏదో పొరపాటు ఉండవచ్చని మన్రో స్వయంగా అనుమానించాడు. అంకె ఏదైనా, ఇంట్లో చెప్పడానికి చదువుకున్న పెద్దలో, జీతమిచ్చి పెట్టుకున్న పంతులో ఉన్న కుటుంబాలకే ఆ వీలు దక్కేది. పూర్వకాలపు ఇంటి చదువు అందరి సొత్తన్నట్టు రాయడం చరిత్ర కాదు.

మహానుభావుల జాబితా దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఐన్‌స్టీన్ మ్యూనిక్‌లోనూ, ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని ఆరౌలోనూ బడిలోనే చదివాడు. ఆ పేరు జాబితాలో ఎలా చేరిందో రాసినవారికే తెలియాలి. ఎడిసన్ బడికి వెళ్ళింది కొన్ని నెలలే అన్న మాట నిజం, కాని ఇంట్లో అతనికి పాఠాలు చెప్పిన తల్లి అంతకుముందు ఉపాధ్యాయినిగా పనిచేసినావిడ. ఠాగూర్ విషయం కొంచెం ఆసక్తికరమైనది. ఆయన ఓరియంటల్ సెమినరీ మొదలుకొని సెయింట్ జేవియర్స్ దాకా ఒకటి తర్వాత ఒకటిగా బడులు మారి, ఎక్కడా ఇమడలేకపోయాడు. కాని కలకత్తాలో జొరసాంకోలోని ఆ సంపన్న గృహంలో ఆయన రోజు తెల్లవారకముందే కుస్తీ సాధనతో మొదలై, ఒక్కో విషయానికి ఒక్కో గురువు వచ్చి వెళ్ళాక, రాత్రి ఇంగ్లీషు మాస్టారితో ముగిసేది. పైగా బడి అంటే అంత విముఖత ఉన్న మనిషి 1901లో శాంతినికేతన్‌లో తానే ఒక బడి పెట్టాడు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా బడులను తీవ్రంగా విమర్శించాడు, అయినా ఆయన వెనక మిగిలినవాటిలో రిషివ్యాలీ బడి ఒకటి. బడి మీద అసంతృప్తి వీరిని వేరే రకం బడి వైపు నడిపించింది. సందేశం రాసినవారు ఈ సగాన్ని వదిలేశారు.

అమెరికా మార్కుల సంగతి ఇంకా సూటిగా తేలుతుంది. ఇంటి చదువును సమర్థించేవారు తరచుగా చూపే అధ్యయనాల్లో 1999లో లారెన్స్ రడ్నర్ చేసినది ఒకటి. అందులో 20,760 మంది పిల్లల మార్కులు పరిశీలించారు. వీరంతా తమంతట తాము ముందుకు వచ్చి పరీక్ష రాయించిన కుటుంబాల పిల్లలు, ఆ కుటుంబాల చదువూ ఆదాయమూ దేశపు సగటు కన్నా ఎక్కువ. ఇంటి చదువు బడి కన్నా మేలని ఈ ఫలితాలు నిరూపించవని రడ్నరే రాశాడు. అలాంటి తల్లిదండ్రుల పిల్లలు బడికి వెళ్ళినా మంచి మార్కులే తెచ్చుకుని ఉండవచ్చు కదా.

ఇక చట్టం. ఇక్కడ రెండు వైపులా అబద్ధాలు ప్రచారంలో ఉన్నాయి. ఇంటి చదువు నేరమని కొందరు భయపెడుతున్నారు, పూర్తి హక్కని ఈ సందేశం భరోసా ఇస్తోంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని పదో సెక్షన్, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలను పరిసర పాఠశాలలో చేర్పించడం ప్రతి తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. అయితే చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష లేదు, జరిమానా లేదు. 2012లో చేసిన సవరణ ద్వారా తీవ్ర వైకల్యమూ బహుళ వైకల్యాలూ ఉన్న పిల్లలకు ఇంటి వద్దే చదువుకునే హక్కును చట్టంలో రాశారు. మిగిలిన పిల్లల గురించి అలాంటి మాట ఎక్కడా లేదు. ఇంట్లో చదువుకుంటున్న ఒక బాలిక తరఫున ఢిల్లీ హైకోర్టులో దాఖలైన కేసులో, ఇష్టపూర్వకంగా ఇంటి చదువు ఎంచుకున్నవారికి ఈ చట్టం అడ్డు కాదని కేంద్ర ప్రభుత్వం మొదట అఫిడవిట్ ఇచ్చి, ఆ తర్వాత వెనక్కి తీసుకుంది. కాబట్టి ఇంట్లో చదివిస్తున్నందుకు పోలీసులు తలుపు తట్టరు. కాని బడి బయటి పిల్లల సర్వేకు వచ్చినవారు అడిగినప్పుడు చూపడానికి తల్లిదండ్రుల చేతిలో హక్కు పత్రమేమీ ఉండదు.

ఓపెన్ స్కూల్ విషయంలో సందేశం చెప్పినదాంట్లో సగం నిజం. జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే ఎన్ఐఓఎస్‌లో, పద్నాలుగేళ్ళు నిండినవారు పదో తరగతికి చేరవచ్చు. కనీసం అయిదు సబ్జెక్టులు పూర్తి చేయాలి. తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఒకసారి చేరితే అయిదేళ్ళ గడువు ఉంటుంది. ఓపెన్ స్కూల్‌లో పన్నెండు చదివితే నీట్ రాయనివ్వరన్న పాత నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టివేసింది కనుక ఆ భయం కూడా అక్కర్లేదు. అంతవరకు బాగానే ఉంది. సందేశం చెప్పని సంగతి, ఉత్తరాదిలో తయారైన ఇంగ్లీషు వ్యాసాల్లో దొరకనిది, తెలుగువారికి మాత్రం ప్రాణప్రదమైనది ఒకటుంది. అది స్థానికత.

మన రెండు రాష్ట్రాల్లో కాలేజీ సీటుకైనా, ప్రభుత్వ ఉద్యోగానికైనా అభ్యర్థి స్థానికుడా కాదా అన్నది ముందుగా చూసేది ఎక్కడ చదివాడన్న దాన్నిబట్టే. ప్రవేశాలకు సంబంధించిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాల చదువును అడిగాయి. ఉద్యోగాల కోసం తెలంగాణకు 2018లో వచ్చిన ఉత్తర్వులు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారో చూస్తాయి. అందుకే మన ఇళ్ళలో బీరువా ఫైళ్ళలో జనన ధ్రువపత్రం పక్కనే బోనఫైడ్‌లు, అంటే ఏ బడిలో ఏ తరగతి చదివామో చెప్పే పత్రాలు, దాచుకుంటాం. బడికే వెళ్ళని పిల్లలకు దారి మూసుకుపోలేదు; అన్నేళ్ళూ అక్కడే నివసించినట్టు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపవచ్చు. కాని అద్దె ఇళ్ళు మారుతూ, మధ్యలో రెండేళ్ళు బెంగళూరులోనో పుణెలోనో ఉండి వచ్చిన కుటుంబం పదేళ్ళ తర్వాత దాన్ని నిరూపించుకోవడం ఎంత కష్టమో ఆ కార్యాలయాల చుట్టూ తిరిగినవారిని అడిగితే చెబుతారు. ఇంట్లో చదివించదలచినవారు మొదటి ఏడాది నుంచే అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు, ఆధార్‌లో మార్చిన చిరునామాల కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి. “సర్టిఫికెట్ల గొడవే ఉండదు” అని సందేశం చెప్పే మాట మన రాష్ట్రాల్లో చెల్లదు.

తల్లి ఎలాగూ ఇంట్లోనే ఉంటుందన్న వాక్యం అన్నిటికన్నా అన్యాయమైనది. సందేశం రాసినవారి దృష్టిలో ఇంటి చదువు అంటే పుస్తకాలు కొని ఇవ్వడమేనేమో. ఎనిమిదో తరగతి పిల్లవాడికి బీజగణితం అర్థమయ్యేలా చెబుతూ, పక్కనే ఆరేళ్ళ పిల్లకు గుణింతం దిద్దిస్తూ, మధ్యలో పొయ్యి మీద కుక్కర్ చూసుకుంటూ, తనకే రాని హిందీని ముందు రాత్రి నేర్చుకుని మర్నాడు నేర్పడం పూర్తికాలపు పని. దానికి సెలవు లేదు, జీతం లేదు, పిల్లవాడు వెనకబడితే మాత్రం నింద ఆమెకే దక్కుతుంది. ఉద్యోగం మానుకుంటే ఆ జీతం కూడా ఖర్చులో వేయాలి. సైన్సుకు, లెక్కలకు ట్యూషన్ పెడితే మిగిలిందనుకున్న ఫీజులో చాలా భాగం అటే పోతుంది. తండ్రి ఏ గంటల్లో ఏ పాఠం చెబుతాడన్న ప్రశ్న ఆ సందేశంలో ఒక్కచోట కూడా రాదు. ఆ ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేని ఇంట్లో బడి మాన్పించవద్దనే నేను చెబుతాను.

కుదరకపోతే ఎప్పుడైనా తిరిగి బడిలో వేయవచ్చని సందేశం చివర ఒక ఓదార్పు ఉంది. ఎనిమిదో తరగతి వరకు ఇది నిజమే: చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, మిగిలినవారితో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆ హక్కు ప్రాథమికోన్నత విద్యతో ముగుస్తుంది, తొమ్మిదో తరగతికి వర్తించదు. కనుక ఇంటి చదువు మొదలుపెట్టినవారు పిల్లలకు పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి మళ్ళీ ఒకసారి కూర్చుని, బడికి పంపడమా, ఓపెన్ స్కూల్ దాకా ఇంట్లోనే కొనసాగడమా అన్నది పిల్లలను కూడా అడిగి తేల్చుకోవలసి ఉంటుంది.