ఎయిర్‌బ్రష్‌లు నాలుగున్నా, నాజిల్ ఒక్కటీ దొరకదు

ఎయిర్‌బ్రష్ అంటే చిన్న బొమ్మలకు గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి పనిముట్టు, రంగు బయటికొచ్చే సన్నని మొన దాని నాజిల్. వరంగల్‌లో ఆ నాజిల్ అడిగి చూడండి, కార్లకు కొట్టే స్ప్రేగన్ తెచ్చి చేతిలో పెడతారు. దాని నాజిల్ 1.4 మిల్లీమీటర్లు. అరచేతిలో పట్టే బొమ్మకు కావాల్సింది 0.3!

ఇక ఆన్‌లైన్ పోలికలు. 0.2 నాజిల్ సన్నగా గీస్తుందని అందరూ చెప్తారు, నిజమే. మన మే నెల ఎండల్లో ఆక్రిలిక్ రంగు నాజిల్ లోపలి సూది మొన మీదే ఎండిపోతుందని ఎవరూ చెప్పరు. రంగు పాలంత పలచగా ఉండాలి, త్వరగా ఎండకుండా ఆపే రిటార్డర్ రెండు చుక్కలు పడాలి, గాలి 15–20 పీఎస్‌ఐ దగ్గర ఆగాలి. అయినా మధ్యమధ్య తడి దూదిపుల్లతో మొన తుడవాల్సిందే.

చవక రకాల్లో నాజిల్ బియ్యపుగింజంత కూడా ఉండదు, మరతో బిగించాలి. స్పానర్ కాస్త ఎక్కువ తిరిగిందా, మర తెగి లోపలే ఇరుక్కుంటుంది, లేదంటే నాజిల్ చీలుతుంది. రంగు పోసే కప్పులో బుడగలొస్తే ముందు అక్కడే చూడాలి, గాలి ఆ సందులోంచి రంగులోకి ఎక్కుతుంది. ఆ చిన్న ముక్క కోసం మొత్తం బ్రష్ మళ్లీ కొనాలా?

పోనీ ఉన్నవాటిలోది పీకి పెడదామంటే, రెండిటి మీదా 0.3 అనే ఉంటుంది, సూది వాలు వేరు, కూర్చోదు. గాలి గొట్టం మరలూ కంపెనీకొకటి: ఇవాటాకు 1/8 బీఎస్‌పీ అనే సైజు, బాడ్జర్‌కు ఇంకోటి, పాష్‌కు మరోటి. ఒక్కోదానికి ఒక్కో అడాప్టర్. అమ్మే పెట్టె మీద మర సైజు, విడి నాజిల్ నంబరు రాయడానికి ఏం రోగం?