మహారాజశ్రీ ‘వెదర్’ గారికి

మహారాజశ్రీ వెదర్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. మా తాతగారు కార్డు ముక్క మీద కూడా అలాగే మొదలుపెట్టేవారు. కానీ రెండు రాత్రులు విమానాశ్రయం కార్పెట్ మీద దొర్లిన నడుముతో కుశలం అని రాస్తే కళ్లు పోతాయి. మీరు మాత్రం కుశలమే అయి ఉంటారు. మిమ్మల్ని ఇంతవరకు ఏ కోర్టూ పిలవలేదు, ఏ కస్టమరూ తిట్టలేదు.

ముందే ఒక మాట. ఈ ఉత్తరం మంచు తుపానుకు రాస్తున్నది కాదు. ఆవిడతో నాకు పేచీ లేదు. రాకీ పర్వతాలు దిగొస్తుంది, కురవాల్సింది కురుస్తుంది, తన దారిన తను పోతుంది. పైగా నాలుగైదు రోజుల ముందే కబురు పెట్టి మరీ వస్తుంది, మన చుట్టాల్లా కాకుండా. నేను రాస్తున్నది మీకు. విమానం ఎందుకు కదలదమ్మా అంటే, కౌంటర్ వెనక అమ్మాయి కీబోర్డు మీద టకటకా కొట్టి, తలెత్తకుండా చెప్పే ఆ రెండున్నర అక్షరాల మాటకు.

నేనుండేది విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో. పుట్టింది బందరు. ఆ జనవరిలో భోగి ఆదివారం వచ్చింది. మా మేనకోడలికి మొదటిసారి భోగిపళ్లు పోస్తున్నారు. శుక్రవారం సాయంత్రం షికాగోలో విమానం ఎక్కితే ఆదివారం తెల్లారేసరికి హైదరాబాదు, పొద్దువాలే లోపు బందరు. కాగితం మీద ఎంత బాగుందో చూడండి.

మంగళవారం నుంచే అమెరికా వాతావరణ శాఖ, అదే నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లు చెబుతూనే ఉన్నారు. మొదట వింటర్ స్టార్మ్ వాచ్, తర్వాత వింటర్ స్టార్మ్ వార్నింగ్. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వీటిలో ఏది పెద్దది అన్నదాని మీద ఒక రాత్రంతా చర్చ జరిగింది. వాచ్ అంటే చూస్తూ ఉండు, వార్నింగ్ అంటే చూసింది చాలు, ఇంట్లో కూర్చో అని ఒక పెద్దాయన తేల్చారు. తేల్చిన పది నిమిషాలకు ఆయనే అడిగారు, రేపు షికాగో వైపు ఎవరైనా వెళ్తున్నారా, రెండు బియ్యం బస్తాలు తేవాలి అని.

మా బావమరిది నన్ను దింపుతానన్నాడు. “స్లోగా పోదాం బావా, ఏం కాదు” అన్నాడు. ఆ ‘ఏం కాదు’కు వేరే ఉత్తరం రాయాలి, దాని అడ్రసు దొరకగానే రాస్తాను. వాడి ధైర్యం అంతా ఆల్ వీల్ డ్రైవ్ మీద. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే బండి మంచులోంచి బాగా కదులుతుంది, నిజమే. కానీ ఆగడం వేరే విద్య. బ్రేకులు ఎవడి కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆపాల్సింది టైరు. ఆ టైర్లేమో ఆల్ సీజన్. పేరులోనే అన్ని రుతువులూ ఉన్నాయి కదా అని మావాడి నమ్మకం. చలి 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగాక ఆ రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుందనీ, అసలైన చలికాలపు టైరు మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉంటుందనీ నేను తర్వాత తెలుసుకున్నాను. తర్వాత అంటే, రోడ్డు పక్కన నిలబడి టో ట్రక్కు కోసం ఎదురుచూస్తూ, ఫోన్లో.

జరిగింది ఇది. ఐ-90 హైవే మీద 70 మైళ్ల వేగంతో పోయే జనం అందరూ 30లో పోతున్నారు. రెండు దారుల మధ్య పల్లంలోకి జారిపోయిన కార్లు మూడు కనబడ్డాయి, హజార్డ్ లైట్లు మిణుకుమంటూ. జేన్స్‌విల్ దాటాక ఒక వంతెన వచ్చింది. వంతెనల మీద ముందు గడ్డకడుతుందని బోర్డే ఉంటుంది. మామూలు రోడ్డుకు కింద నేల వెచ్చదనం ఉంటుంది, వంతెనకు పైనా గాలే, కిందా గాలే. అప్పటిదాకా టైర్ల కింద చిమ్ముతున్న నీళ్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. కారులో ఎంత నిశ్శబ్దం! “అబ్బ, రోడ్డు క్లియర్ అయింది బావా” అన్నాడు వాడు. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. దానికి నలుపూ లేదు, ఇంకే రంగూ లేదు. పల్చటి అద్దంలా ఉండి కింద తారును చూపిస్తుంది. స్టీరింగు వాడి చేతిలో ఉంది గానీ కారు వాడి చేతిలో లేదు. సగం చుట్టు తిరిగి, పక్కన మంచు గుట్టలో మూతి పెట్టి ఆగాం.

నవ్వుతూ చెబుతున్నాను గానీ నవ్వే సంగతి కాదు. 2021 ఫిబ్రవరి 11న పొద్దున్నే టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఇలాంటి పొర మీదే 130కి పైగా వాహనాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆరుగురు పోయారు. మంచు, ఐసు పట్టిన రోడ్ల మీద అమెరికాలో ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ఫెడరల్ హైవే శాఖే చెబుతుంది.

మంచు గుట్టలోంచి బయటికొచ్చాక మా బావమరిది మా అక్కకు ఫోన్ చేశాడు. “ఏం లేదక్కా, వెదర్” అన్నాడు. అక్కడ దర్శనమిచ్చారు మీరు, మొదటిసారి.

రెండోసారి విమానాశ్రయంలో. టో ట్రక్కు ఖర్చు పెట్టుకుని, పడుతూ లేస్తూ నేను చేరేసరికి బోర్డు మీద నా విమానం ముప్పై నిమిషాలు లేటు. తర్వాత ఇంకో ముప్పై. ఎప్పుడూ ముప్పయ్యే. ఆరు గంటలు లేటని ఒకేసారి చెబితే జనం హోటలుకు పోయి పడుకుంటారు కదా, ఆ సుఖం ఎందుకివ్వాలి? చంటిపిల్లకు అన్నం పెట్టేటప్పుడు ఇదే ఆఖరి ముద్ద, ఇదే ఆఖరి ముద్ద అన్నట్టు.

ఎట్టకేలకు ఎక్కించారు. కిటికీలోంచి చూస్తే రెక్కల మీద వేడి వేడి నారింజ రంగు ద్రవం చల్లుతున్నారు. అది పట్టిన ఐసును కరిగించడానికి. దాని మీద చిక్కటి పచ్చ ద్రవం, మళ్లీ పట్టకుండా. పచ్చదానికి కూడా ఒక గడువుంటుంది. మంచు ఎంత జోరుగా పడితే గడువు అంత తక్కువ. మేం రన్‌వే క్యూలో ఉండగానే ఆ గడువు తీరింది. మళ్లీ వెనక్కి, మళ్లీ నారింజ, మళ్లీ పచ్చ. పెళ్లిలో రెండుసార్లు మంగళస్నానం చేయించుకున్న పెళ్లికొడుకులా ఉంది మా విమానం, ముహూర్తం మాత్రం దాటిపోయింది.

ఇక్కడ మీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి, న్యాయం న్యాయమే. పైలట్ ఎగరనంటే ఎగరకూడదు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం ఐసు కరిగించాక చాలాసేపు మంచులో ఆగి, రెక్కల మీద మళ్లీ మంచు పేరుకున్నా లేచింది. పైకి అందుకోలేక 14వ వీధి వంతెనను గుద్దుకుని పొటోమాక్ నదిలో పడింది. 78 మంది పోయారు. వాళ్లలో నలుగురు విమానంలో వాళ్లు కారు. వంతెన మీద కార్లలో ఉన్నవాళ్లు. అందుకే ఆ రాత్రి రెక్కల గురించి నేను నోరెత్తలేదు. నారింజ రంగు ఇంకో నాలుగుసార్లు పూసినా కూర్చునేవాణ్ణి.

నా గొడవ తర్వాతి దాని మీద. అర్ధరాత్రికి మంచు ఆగింది. పక్క గేట్లలో విమానాలు లేస్తున్నాయి. మమ్మల్ని మాత్రం దింపేశారు. పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయాయట, బదులు మనుషులు ఎక్కడున్నారో కంపెనీకే తెలియదట. ఈ సంగతి మాకు చెప్పింది విమానంలో సిబ్బంది, చాలా మెల్లగా, చాలా మంచిగా. కౌంటర్ దగ్గరికొచ్చేసరికి కారణం మారిపోయింది. “వెదర్, సర్.” బయట చూశాను. చుక్కలు కనబడుతున్నాయి. “ఏ వెదర్ అమ్మా?” అన్నాను. “సిస్టమ్‌లో వెదర్ అనే ఉంది” అంది.

ఆ ఒక్క మాటతో ఎన్ని పనులయ్యాయో మీకు తెలియనిది కాదు. తప్పు కంపెనీది అయితే హోటలు గది, భోజనం కూపను ఇస్తామని అమెరికాలో పెద్ద కంపెనీలు రాసిచ్చాయి. మీ పేరు రాస్తే అవేవీ ఇవ్వక్కర్లేదు. అదే యూరప్‌లో అయితే కారణం మీరే అయినా తిండీ గదీ ఇవ్వాలి, నష్టపరిహారం మాత్రమే ఉండదు. ప్రయాణం మానుకుంటానంటే డబ్బు వాపసు ఇవ్వాల్సిందే గానీ, భోగిపళ్లకు పోయేవాడు వాపసు తీసుకుని ఏం చేసుకుంటాడు? నాకు ఒక చీటీ ఇచ్చారు, హోటలు గదికి కొంత తగ్గింపని. ఆ హోటలుకు ఫోన్ చేస్తే గదులు లేవు. ఎందుకని అడగలేదు. ఏమంటారో తెలుసు.

మీ జీవితంలో గొప్ప ఘట్టం 2022 క్రిస్మస్. ఆ మంచు తుపాను నిజంగానే రాక్షసి. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక్క బఫెలో నగర ప్రాంతంలోనే 40 మందికి పైగా పోయారు. వేల విమానాలు ఆగాయి. కొన్ని రోజులకు మిగతా కంపెనీలు తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ మాత్రం తేరుకోలేదు. ఏ పైలట్ ఎక్కడున్నాడో సరిచూసుకోలేక దాని సిబ్బంది ఏర్పాట్లన్నీ కుప్పకూలాయి. 16,900 విమానాలు రద్దు, 20 లక్షలమందికి పైగా పండగ పూట దారిలో. మొదట మీ పేరే చెప్పారు లెండి. ఏడాది తిరిగాక రవాణా శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మీకు కాదు, వాళ్లకు. పేరు వాడుకున్నందుకు మీకు రాయల్టీ ఏమైనా ముట్టిందా?

రోడ్డు మీద కూడా మీ కీర్తి తక్కువేం కాదు. 2022 జనవరిలో వర్జీనియాలో ఐ-95 హైవే మీద జనం ఒక రోజుకు పైగా ఇరుక్కుపోయారు. అందులో ఒకాయన అమెరికా సెనేటరు టిమ్ కెయిన్. రెండు గంటల్లో ఆఫీసుకు చేరాల్సిన మనిషికి 27 గంటలు పట్టింది. ఫ్లోరిడా నుంచి వస్తున్న ఒక కుటుంబం ఇచ్చిన నారింజపండు తిన్నాడు. అక్కడే ఇరుక్కున్న ఒక బ్రెడ్డు లారీని తెరిపించి జనం పంచుకున్నారు. ముందు వాన పడుతోంది, ఉప్పు చల్లితే కొట్టుకుపోతుందని చల్లలేదని అధికారులు చెప్పారు. నాకు మాత్రం ఆ బ్రెడ్డు లారీ దృశ్యం నచ్చింది. ఎవరూ ఎవరినీ కారణం అడగలేదు, ముక్క చేతికిచ్చారు.

మా అమ్మమ్మ ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. దివిసీమలో ఆమె చుట్టాలు చాలామంది పోయారు. ఇప్పటికీ రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వింటే చాలు, మూడో నంబరా పదో నంబరా అని చూడదు, పప్పూ ఉప్పూ అటక ఎక్కిస్తుంది. ఆవిడ ఎన్నడూ ఉప్పెన వల్ల పోయారని అనగా నేను వినలేదు. “చెప్పేవాడు సరిగ్గా చెప్పలా. ఎక్కడానికి మేడ లేదు” అంటుంది. మీ పేరు ఆవిడ నోట రాదు. మీకిది అవమానంగా తోస్తే క్షమించాలి, ముసలామె.

ఆదివారం పొద్దున్న, అంటే బందరులో రాత్రి, గేటు దగ్గర నేల మీద కూర్చుని భోగిపళ్లు ఫోన్లో చూశాను. రేగుపళ్లూ చిల్లర నాణేలూ మేనకోడలి నెత్తి మీద పడుతుంటే అది ఏడుస్తోంది. పక్కన కూర్చున్న పంజాబీ పెద్దాయన తొంగి చూసి, పాపను ఎందుకు కొడుతున్నారని కంగారు పడ్డారు.

ఆ మధ్యాహ్నం విమానం లేచింది. సోమవారం రాత్రి హైదరాబాదులో దిగి టాక్సీ మాట్లాడుకున్నాను. నకిరేకల్ దాటాక పొగమంచు కమ్మింది, బానెట్ కూడా కనబడటం లేదు. ఐ-90 గుర్తొచ్చి సీటు అంచు పట్టుకున్నాను. డ్రైవరు ఏమీ అనకుండా బండిని ఒక దాబాలోకి తిప్పి, ఇంజను ఆపేశాడు. “పొద్దెక్కనీయండి సార్, టీ తాగుదాం.” గంటన్నర కూర్చున్నాం. లేటయితే ఎవరికి ఏం చెప్పాలన్న టెన్షన్ అతనికి ఉన్నట్టు లేదు.

ఇల్లు చేరేసరికి కనుమ. “కనుమ నాడు కాకి కూడా కదలదు, నువ్వేం ప్రయాణంరా?” అంది అమ్మమ్మ గుమ్మంలోనే. “వెదర్ అమ్మమ్మా” అన్నాను. అలవాటుగా నోటికొచ్చేసింది. ఆవిడ అరచెయ్యి కళ్లకు అడ్డంపెట్టి పైకి చూసింది. నీలంగా, శుభ్రంగా ఉంది ఆకాశం, ఒక గాలిపటం తప్ప.

వెదర్ గారూ, అసలు ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉంది. మధ్యాహ్నం మినపగారెలూ కోడికూరా తింటూ, పోగొట్టుకున్న రెండు రోజులూ గుర్తొచ్చి, ఎడం చేత్తో మా మేనేజరుకు మెయిల్ కొట్టాను. వెదర్ కారణంగా నా తిరుగు ప్రయాణం నాలుగు రోజులు వెనక్కి జరిగేలా ఉంది అని. తిరుగు ప్రయాణం ఇంకా పది రోజులుంది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: పర్వాలేదు, జాగ్రత్తగా ఉండు, బయటికి రావొద్దు.

ఏడో గారె వేయించుకున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
బందరు నుంచి