మాస్టారి లోలకం, కామేశ్వరి తాళంచెవులు

(తెనాలిలో ఒక అద్దె వాటా. సాయంత్రం ఐదున్నర. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే మాస్టారు బండి దిగేసరికి భార్య కామేశ్వరి గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన సంచిలో తోటకూర తల వాల్చేసింది. ఆవిడ మాత్రం వాల్చలేదు.)

మాస్టారు: ఇదేంటి, ఇక్కడ కూర్చున్నావ్? గాలికా?

కామేశ్వరి: ఆఁ, గాలికే. తాళం నొక్కేసి బజారుకెళ్ళా. వచ్చి సంచిలో చెయ్యి పెడితే తాళంచెవుల గుత్తి లేదు.

మాస్టారు: (జేబు తడుముకుని) ఓహో... అదీ... పొద్దున లోలకానికి గుండు కావాల్సొచ్చి...

కామేశ్వరి: దేనికీ?

మాస్టారు: లోలకం కామూ! దారానికి కట్టి ఊపుతాం చూడు. మీటరు దారం కడితే అటు వెళ్ళి ఇటు రావడానికి రెండు సెకన్లు. పది ఊపులు లెక్కపెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ చూడమన్నా. 20 సెకన్లొచ్చింది! ఒక్కడికే 17. వాడు తొమ్మిదో ఊపు పూర్తవకముందే నొక్కేశాడు.

కామేశ్వరి: నేనిక్కడ మూడున్నర నుంచి ఊగుతున్నా. అదెన్ని సెకన్లు?

మాస్టారు: ఏడు వేల రెండొందలు.

(నోరు జారాక గానీ ఆయనకి తెలియలేదు. లెక్కల్లో తప్పు పోకపోవడం కూడా ఒక్కోసారి ప్రమాదమే.)

కామేశ్వరి: పోనీ ఏ సుద్దముక్కో కట్టి ఊపొచ్చుగా?

మాస్టారు: అదీ కట్టాం. బరువైంది కడితే తొందరగా ఊగుతుందని క్లాసంతా ఒకటే గోల. సుద్దముక్కకీ తాళాలకీ ఒకటే టైమని చూపించాలంటే రెండూ ఉండాలిగా!

కామేశ్వరి: తియ్యండి తలుపు.

(లోపలికెళ్ళారు. కామేశ్వరి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగానూ వెనక్కొచ్చింది.)

కామేశ్వరి: పసుపు డబ్బా ఖాళీ.

మాస్టారు: ల్యాబ్‌లో లిట్మస్ కాగితాలు అయిపోయాయి. పసుపు నీళ్ళలో సబ్బు నీళ్ళు పోస్తే ఎర్రబడుతుంది, అది క్షారం. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపైపోతుంది, అది ఆమ్లం. పిల్లలు నోరెళ్ళబెట్టారనుకో.

కామేశ్వరి: నిమ్మకాయలూ తీసుకెళ్ళారన్నమాట.

మాస్టారు: రెండే.

కామేశ్వరి: కొత్త కోడలు గుమ్మంలోకొస్తే మా అమ్మమ్మ పసుపు నీళ్ళలో సున్నం కలిపి ఎర్రనీళ్ళతో దిష్టి తీసేది. ఆవిడే బీఎడ్ చదివిందండీ?

మాస్టారు: అదీ ఇదే! సున్నం క్షారం. పసుపులో కర్కుమిన్ అని ఒకటుంటుంది...

కామేశ్వరి: ఆ సంగతి చెప్పారా పిల్లలకి?

మాస్టారు: చెప్పా. కర్కుమిన్ అని బోర్డు మీద రాయించా కూడా.

కామేశ్వరి: అది కాదు, దిష్టి నీళ్ళు!

మాస్టారు: ...తట్టలేదు.

కామేశ్వరి: పెళ్ళికెళ్ళిన ప్రతి పిల్లా చూసే ఉంటుంది. మీ కర్కుమిన్‌ని ఎవరు చూశారు?

(మాస్టారు నోట్‌బుక్ తీసి ‘దిష్టి నీళ్ళు’ అని రాసుకున్నారు. ఇంతలో కామేశ్వరి తన ఫోన్ చేతిలోకి తీసుకుంది. దాన్నీ పొద్దున ఈయనే పట్టుకెళ్ళారు.)

కామేశ్వరి: ఇదేంటి, కెమెరా దగ్గర తడి?

మాస్టారు: కంగారుపడకు, ఒక్క చుక్క. వెనక కెమెరా మీద నీటి చుక్క వేసి ఫోన్ మెల్లగా తిరగేస్తే చుక్క కిందికి వేలాడుతుంది కానీ పడదు. తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు! ఆ చుక్కే కటకం, అదే లెన్సు. కింద పేపర్లో అచ్చయిన కలర్ బొమ్మ పెట్టి చూశామంటే, అదంతా రంగు చుక్కల గుంపని తెలిసిపోతుంది.

కామేశ్వరి: మీ ఫోన్‌కీ కెమెరా ఉంది కదా?

మాస్టారు: నా ఫోన్లో అటెండెన్స్ వెయ్యాలే! అది తడిసి ఆగిపోయిందనుకో, నేను స్కూల్లో ఉన్నా లేనట్టే.

కామేశ్వరి: అంటే మా అమ్మతో మాట్లాడే ఫోన్ పోయినా ఫర్వాలేదు.

(ఈ ప్రశ్నకి ఏ సిలబస్‌లోనూ జవాబు లేదు. మాస్టారు దారి మళ్ళించారు.)

మాస్టారు: అరవింద్ గుప్తా గారని ఒకాయన ఉన్నారు. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, అగ్గిపుల్లలూ సైకిల్ ట్యూబు ముక్కలూ పాత సీసాలూ పెట్టి పిల్లలకి సైన్స్ బొమ్మలు చేయడం నేర్పారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

కామేశ్వరి: ఆయన చెత్తతో సామాన్లు చేశారు. మీరు నా సామాన్లని చెత్త చేస్తున్నారు.

మాస్టారు: పిల్లలు ఎంత సంబరపడ్డారో నీకు తెలీదు.

కామేశ్వరి: తెలుసు. మీ ఎయిత్ క్లాసు పిల్ల, పక్కింటమ్మాయి, ఇందాక మెట్ల దగ్గర కాసేపు నాకు తోడు కూర్చుంది. ఇవాళ సార్ ఏం చూపించారే అంటే, ‘ఫోన్ చూపించారాంటీ’ అంది.

మాస్టారు: ఫోన్ కాదు, రిమోట్! రిమోట్ నుంచొచ్చే పరారుణ కాంతి కంటికి కనపడదు. దాన్ని ముందు కెమెరాకి ఎదురుగా పెట్టి నొక్కితే ఊదారంగులో మెరుస్తుంది. వెనక కెమెరాలు కొన్ని ఆ కాంతిని రానివ్వవు, అందుకే సెల్ఫీ కెమెరా. అంత బాగా చెప్పా.

కామేశ్వరి: ‘ఏం అర్థమైంది’ అనడిగా. ‘మీ ఫోన్ కెమెరా బాగుందాంటీ’ అంది.

(మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.)

కామేశ్వరి: క్లాసులో ఎంతమంది?

మాస్టారు: 48.

కామేశ్వరి: ఆ కాస్త ఫోను ఎంతమందికి కనిపించింది?

మాస్టారు: మొదటి రెండు బెంచీలు. గోడకి టీవీలాంటి పెద్ద ప్యానెల్ ఉంది, ఫోన్ని దానికి కలుపుదామంటే కరెంటు పోయింది.

కామేశ్వరి: కరెంటొచ్చాక చూపించాల్సింది. అయినా నొక్కేముందు వాళ్ళనేమైనా అడిగారా?

మాస్టారు: అడగడానికేముంది? ‘ఇప్పుడు ఊదారంగు కనిపిస్తుంది చూడండి’ అన్నా. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త సూర్యకాంతిని గాజు పట్టకంతో రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టాడు. ఎర్ర రంగు దాటాక, ఏ రంగూ లేని చోట ఇంకా ఎక్కువ వేడి చూపించింది. అదే ఈ పరారుణం! ఆ కథ కూడా చెప్పా.

కామేశ్వరి: థర్మామీటర్ ఏమైందో అని వాళ్ళావిడ ఇల్లంతా వెతుక్కుని ఉంటుంది పాపం. అదలా ఉంచండి. ‘ఊదారంగు కనిపిస్తుంది’ అని మీరే ముందు చెప్పేశాక వాళ్ళు చూసేదేముంది? సీరియల్లో కోడలు బతికే ఉందని పొద్దున్నే చెప్పేస్తే రాత్రి ఎవరు చూస్తారు? ముందు పందెం వేయించండి. కనిపిస్తుందన్నవాళ్ళు ఇటు, లేదన్నవాళ్ళు అటు. తప్పు చెప్పినవాడికే ఎందుకలా అయిందా అని ఎక్కువ దురద.

మాస్టారు: లోలకానికి అలాగే అయింది! బరువు మీద వాళ్ళే కొట్టుకున్నారు...

కామేశ్వరి: చూశారా. పోనీ ఇది చెప్పండి. రిమోట్ టీవీ వైపు కాకుండా, ఎదురు గోడకేసి నొక్కితే టీవీ మారుతుందా?

మాస్టారు: (ఆలోచించి) మారకూడదు... మారొచ్చు... నువ్వెప్పుడు చూశావ్?

కామేశ్వరి: రోజూ. సోఫాలో పడుకుని గోడకేసి నొక్కుతా, మారిపోతుంది. రిమోట్ పట్టుకోవడం రాదని పదేళ్ళుగా నన్ను తిడుతూనే ఉన్నారు మీరు.

మాస్టారు: (లేచి నిలబడి) పరావర్తనం! కాంతి గోడకి తగిలి టీవీ మీద పడుతోంది! కామూ, ఇది రేపు క్లాసులో పందానికి పెడతా. ఏదీ, ఒకసారి చూద్దాం.

(మాస్టారు సంచిలోంచి రిమోట్ తీసి గోడకేసి నొక్కారు. టీవీ ఉలకలేదు. ఇంకో గోడకేసి నొక్కారు. చివరికి టీవీకేసే నొక్కారు. ఊహూఁ.)

మాస్టారు: టీవీ పాడైనట్టుంది.

కామేశ్వరి: ఇటివ్వండి.

(కామేశ్వరి తన ఫోన్లో సెల్ఫీ కెమెరా తెరిచింది. రిమోట్ మూతి దానికెదురుగా పెట్టి నొక్కింది. ఒకసారి. రెండుసార్లు. భర్త వైపు తిరిగింది.)

కామేశ్వరి: ఊదారంగు లేదు. అంటే తప్పు టీవీది కాదు, రిమోట్‌ది.

మాస్టారు: (ఉప్పొంగిపోయి) శభాష్! 48 మందిలో ఒక్కరూ ఇంత బాగా...

కామేశ్వరి: (రిమోట్ వెనక మూత తీసి చూపిస్తూ) సెల్స్ ఏవీ?

మాస్టారు: ...ఆరో పీరియడ్‌లో సెవెంత్ క్లాసుకి విద్యుత్ వలయం. టార్చి బల్బు వెలిగించాలి కదా. స్కూల్ బీరువాలో ఉండిపోయాయి.

కామేశ్వరి: ఏడున్నరకి సీరియల్.

మాస్టారు: గోడ గడియారంలోంచి తీసి...

కామేశ్వరి: దాన్లో ఉండేది ఒకటే, అదీ లావుది. దీనికి రెండు సన్నవి కావాలి. సైన్స్ మాస్టారట!

మాస్టారు: సరే, సందు చివర కొట్టు తెరిచే ఉంటుంది. ఇప్పుడే వస్తా.

కామేశ్వరి: వెళ్ళండి. పసుపు కూడా తెండి. ఆ తాళంచెవులు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళండి.