లోహాల పుట్టుక తేల్చే కొలతలకు ఒకే పద్ధతి కావాలి

తుర్కియే దక్షిణ తీరంలోని ఉలుబురున్ వద్ద క్రీ.పూ. 14వ శతాబ్దం చివర మునిగిన ఓడ ఒకటి 1982లో బయటపడింది. అందులో సుమారు 10 టన్నుల రాగి దిమ్మెలు దొరికాయి. ఆ రాగి సైప్రస్ నుంచి వచ్చిందని పరిశోధకులు నిర్ధారించడానికి ప్రధాన ఆధారం అందులో లేశమాత్రంగా ఉన్న సీసమే. యురేనియం, థోరియం క్షీణించగా కోట్ల ఏళ్లలో ఏర్పడిన సీసపు ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణు రకాల) పాళ్లు ఖనిజ నిక్షేపాన్ని బట్టి మారతాయి, కొలిమిలో కరిగించినా దాదాపు మారవు. అయితే వస్తువును ఎంత జాగ్రత్తగా కొలిచినా, పోల్చడానికి గనుల కొలతలు నమ్మదగినవిగా లేకపోతే ఆ శ్రమంతా వృథా.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల ఆక్సాలిడ్, ఇటీవలి గ్లోబాలిడ్ వంటి ఉమ్మడి కొలతల భాండారాలు ఈ లోటు తీర్చడానికే వచ్చాయి. కానీ వాటిలో చేరే సమాచారం ఒక తీరున లేదు. ఒకరు పాళ్లను సీసం 204 అనే ఐసోటోపుతో భాగించి ఇస్తే, మరొకరు సీసం 206తో భాగించి ఊరుకుంటారు. సీసంలో 204 వాటా నూటికి ఒకటిన్నర కూడా లేదు కనుక పాత యంత్రాలు తడబడింది ఎక్కువగా దాని దగ్గరే. ఏ యంత్రంతో, ఏ ప్రామాణిక నమూనాతో సరిచూసి కొలిచారో రాయకపోతే రెండు కొలతల మధ్య తేడా గనిదో యంత్రానిదో చెప్పలేం. గని అక్షాంశ రేఖాంశాలు ఉండవలసిన చోట కొన్నిసార్లు ప్రాంతం పేరు మాత్రమే ఉంటుంది. పాత కొలతలను పారేయమని మేము అనడం లేదు, వాటి పరిమితిని పక్కనే నమోదు చేయాలంటున్నాం.

మనకూ ఇందులో పని ఉంది. శాతవాహనులు సీసంతో నాణేలు వేశారు. పల్నాడులోని అగ్నిగుండాలలో సీసపు ఖనిజం ఉంది. భరుకచ్ఛం (నేటి గుజరాత్‌లోని భరూచ్) రేవుకు సీసం దిగుమతయ్యేదని క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం పెరిప్లస్ చెబుతోంది. ఏ నాణెం సీసం ఇక్కడిదో, ఏది సముద్రం దాటి వచ్చిందో విడదీయాలంటే గనుల కొలతలూ, నాణేల కొలతలూ ఒకే పద్ధతిలో పక్కపక్కన ఉండాలి. పాత సామగ్రిని కరిగించి కలిపిన లోహమైతే లెక్క ఇంకా జటిలమవుతుంది.

పరీక్ష కోసం నాణెం అంచు నుంచి గీకిన కొద్దిపాటి లోహం తిరిగి రాదు. అందుకే నమూనాకు అనుమతినిచ్చే మ్యూజియాలు, పురావస్తు శాఖలు ఒక షరతు పెట్టాలి: ఫలితాన్ని కొలత పద్ధతి, దోష పరిమితి, నమూనా దొరికిన చోటుతో సహా నిర్ణీత గడువులోగా బహిరంగ భాండారంలో చేర్చాలి. ఆ వివరాలు లేని వ్యాసాన్ని పరిశోధన పత్రికలు అచ్చుకు తీసుకోకూడదు.